మెదడులో చేతికి చోటెక్కడ?

రెండేళ్ళ క్రితం పక్షవాతం నా కుడిచేతిని తాకి వెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళు నోట్‌ఫైళ్ళు రాసిన చెయ్యి పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టలేకపోయింది. వేలిముద్ర వేసి వచ్చాను. ఆ రోజు కలిగిన చిన్నతనం మన మిత్రులలో కొందరికి అనుభవమే. "చెయ్యి చెడలేదండీ, మెదడులో దాన్ని నడిపే చోటు దెబ్బతింది" అన్నారు డాక్టరుగారు. ఆ చోటేమిటో తెలుసుకోవాలని మనవడిచేత పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ సంగతులే ఇవి.

1870లో బెర్లిన్‌లో ఫ్రిచ్, హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క మెదడు పైపొరకు సన్నని కరెంటు తగిలించి చూశారు. ఒకచోట తగిలిస్తే అవతలి వైపు ముందుకాలు, ఇంకోచోట తగిలిస్తే వెనుకకాలు కదిలాయి. ప్రయోగశాల దొరకక హిట్జిగ్ ఇంట్లోనే ఈ పని చేశారట. అంతవరకు ఆ పైపొరకు కదలికలతో సంబంధం లేదనే పెద్దలు చాలామంది నమ్మేవారు.

మనిషి మెదడుకు పటం గీసినవాడు కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్. మూర్ఛరోగులకు స్పృహలో ఉంచే ఆపరేషను చేస్తూ, అక్కడక్కడ కరెంటు తగిలించి ఏ అవయవం కదిలిందో గుర్తించాడు. మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు కనుక ఇది సాధ్యమైంది. 1937లో వెలువడిన ఆ వివరాల ప్రకారం వేళ్ళకూ పెదవులకూ బోలెడు చోటు, వీపుకూ నడుముకూ కాస్తే. పని ఎక్కువున్న సెక్షనుకు పెద్ద గది ఇచ్చినట్టన్నమాట.

అయితే పుర్రె తెరవకుండా చూడడమెలా? 1980లో ఇంగ్లండులో మెర్టన్, మోర్టన్ పుర్రె పైనుంచే షాకు పంపి చెయ్యి కదిలించారు, కానీ అది బాగా నొప్పి పెట్టేది. ఎముక కరెంటును అడ్డుకుంటుంది, అయస్కాంతాన్ని అడ్డుకోదు. మారుతున్న అయస్కాంత శక్తి పక్కనున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం ఆ సూత్రాన్నే వాడింది. తల మీద రాగితీగ చుట్ట పెట్టి, సెకనులో అతి చిన్న భాగంపాటు వేల ఆంపియర్ల కరెంటు దానిలోకి వదిలారు. నొప్పి లేకుండా అవతలి చేతి వేళ్ళు అదిరాయి.

మొదట్లో ఈ యంత్రం నరాల దారి బాగుందా లేదా అని చూసే కొలబద్ద మాత్రమే. దాని వల్ల బయటపడినవాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది 1995లో వెలువడిన పియానో ప్రయోగం. అమెరికాలో పాస్కువల్ లియోన్, ఆయన సహచరులు పియానో రానివారికి ఐదువేళ్ళ పాఠం ఒకటి ఇచ్చి, రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు సాధన చేయించారు. రోజూ చుట్టతో కొలిస్తే, మెదడులో ఆ వేళ్ళ చోటు పెరుగుతూ వచ్చింది. ఇష్టమొచ్చినట్టు మీటలు నొక్కినవారిలో అంత మార్పు లేదు. వేళ్ళు కదపకుండా మనసులోనే సాధన చేసినవారిలోనూ పటం పెరిగింది! వాయించడంలో వారు కొంత వెనుకబడినా, ఒక్క పూట మీటల మీద సాధనతో అందుకున్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" కొట్టీ కొట్టీ, రాత్రి నిద్రలో కూడా వేళ్ళాడించిన మా తరానికి ఇది వింతగా తోచదు.

తరువాత ఈ కొలబద్దనే మందుగా వాడాలనుకున్నారు. వరసగా దెబ్బలు వేస్తే మెదడు చురుకు కొంతసేపు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. 2005లో లండన్‌లో ఒక నిమిషం లోపు ఇచ్చిన దెబ్బల ప్రభావం సుమారు గంట నిలిచిందని తేలింది. 2008లో అమెరికా ప్రభుత్వం మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు ఈ చికిత్సను అనుమతించింది. పక్షవాతం సంగతే ఇంకా తేలలేదు. 2018లో ప్రకటించిన ఒక పెద్ద అమెరికా పరీక్షలో అసలు చుట్ట పెట్టినవారూ ఉత్తుత్తి చుట్ట పెట్టినవారూ ఇద్దరూ వ్యాయామం చేశారు. ఇద్దరికీ చెయ్యి మెరుగుపడింది, తేడా కనబడలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నాతో పనిచేసిన ఒకాయన పక్షవాతం తగ్గుతుందని ఎవరో చెబితే గ్రాట్యుటీ డబ్బుతో అయస్కాంతాల పరుపు కొన్నారు. కదలని, మారని అయస్కాంతం కరెంటు పుట్టించదు. ఫారడే చెప్పిందే అది. ఆస్పత్రిలోని చుట్టకూ ఆ పరుపుకూ పేరులో తప్ప పోలిక లేదు. ఆ చుట్టయినా పేస్‌మేకరు, తలలో లోహపు ముక్క, మూర్ఛ ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

నాకు ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినవి చింతపిక్కలు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, ఒక్కొక్కటే, పూటకు వంద. మధ్యాహ్నం పడుకుని కళ్ళు మూసుకుని మనసులో సంతకం పెట్టేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. పదకొండో నెలలో బ్యాంకుకు వెళ్ళి సంతకం పెట్టాను. పాతదానితో కలవలేదన్నారు. కొత్త నమూనా కార్డు అడిగి తీసుకుని మూడుసార్లు సంతకం చేసి ఇచ్చాను.