మౌనం అర్ధాంగీకారం కాదు

వేసవిలో ఊరెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాం. ఆ నాలుగు రోజులూ పొద్దునా రాత్రీ ఫోను తీసి చూసుకుంటూనే ఉన్నాను. ‘పెరటి తలుపు: మూసి ఉంది’ అని కనిపిస్తోంది. తిరిగొచ్చి చూస్తే తలుపు మూసే ఉంది గానీ, ద్వారబంధం పక్కనుంచి పోయే సన్నటి తీగను ఎలుక రెండు ముక్కలు చేసింది. అనుమానం వచ్చి తలుపు బార్లా తెరిచాను. ఫోను అదే మాట మీద ఉంది: మూసి ఉంది.

తప్పు ఎలుకది కాదు, నాది. నేను కొనితెచ్చింది తలుపు మూసినప్పుడు తీగలో కరెంటు ఆగిపోయే రకం స్విచ్. తెగిన తీగలోనూ కరెంటు ఉండదు. మూసిన తలుపుకూ తెగిన తీగకూ తేడా, ఫోనుకు కబురందించే ఇంటి బుర్రకు తెలిసే దారే లేదు.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. పెళ్ళిచూపుల్లో ఆ మాట ఎంతవరకు చెల్లిందో గానీ, తలుపుకు కట్టిన తీగ దగ్గర మాత్రం అస్సలు చెల్లదు. ఈ సంగతి నాకంటే నూట యాభై ఏళ్ళ ముందునుంచీ ఎందరో ఒక్కొక్కరే తెలుసుకుంటూ వచ్చారు. తలుపుకు మాట నేర్పిన వాళ్ళ కథ నిజానికి తలుపు మౌనాన్ని అర్థం చేసుకున్న వాళ్ళ కథే.

గంట మంచం దగ్గరికి వచ్చింది

మన పూజగది తలుపులకు వరసగా బుల్లి గంటలుంటాయి. రెక్క కదిలితే చాలు, గలగలమంటాయి. ‘నన్నెవరో తెరిచారు’ అని తలుపు తనంతట తాను చెప్పడానికి ఇంతకంటే తేలికైన ఏర్పాటు లేదు. చిక్కల్లా గంట తలుపు దగ్గరే ఉండటం. వినాల్సిన మనిషి మేడమీద నిద్రపోతుంటాడు. గంటను తలుపు నుంచి విడదీయాలంటే మధ్యలో ఏదో ఒకటి పరుగెత్తాలి.

1831లో అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో జోసెఫ్ హెన్రీ అనే ఉపాధ్యాయుడు మైలుకు పైగా తీగను గది గోడల వెంట చుట్టూ తిప్పి, ఒక చివర బ్యాటరీ కలిపి రెండో చివర గంట మోగించాడు. ఆ తర్వాత 22 ఏళ్ళకు, 1853 జూన్ 21న, మసాచుసెట్స్ రాష్ట్రం సోమర్‌విల్‌లో ఉండే ఆగస్టస్ రసెల్ పోప్‌కు దొంగల గంట మీద 9,802వ నంబరు పేటెంటు వచ్చింది. పోప్ వృత్తిరీత్యా చర్చి బోధకుడు. తలుపులకూ కిటికీలకూ లోహపు రేకులు బిగించి, వాటిని తీగలతో బ్యాటరీకీ గంటకూ కలిపాడు. మూసి ఉన్నంతసేపూ రేకులు ఎడంగా ఉంటాయి. తలుపు కదిలితే ఒకదానికొకటి తగులుతాయి, కరెంటు పారుతుంది, విద్యుదయస్కాంతం సుత్తిని ఆడిస్తుంది, గంట మోగుతుంది.

1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఈ హక్కులు కొన్నాడు. 1859లో మకాం న్యూయార్క్‌కు మార్చాడు. తర్వాతి కాలంలో ఇళ్ళ నుంచీ బ్యాంకుల నుంచీ తీగలు లాగి ఒకే కార్యాలయానికి చేర్చే పద్ధతి ఈ వ్యాపారంలో స్థిరపడింది. ఇంటాయన నిద్రపోయినా అక్కడ ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. ఈ తీగలకు ఇంకో యోగం కూడా పట్టింది. 1877లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోను ఇంకా కొత్త వింతగా ఉన్న రోజుల్లో, హోమ్స్ కొడుకు బోస్టన్‌లో అవే తీగల మీద కొన్ని బ్యాంకులకు టెలిఫోన్లు కలిపాడు. పగలు మాటలకు, రాత్రి కాపలాకు ఒకే తీగ. ఇంట్లో వేసి ఉన్న పాత తీగకు కొత్త పని అప్పజెప్పడం అనే ఇవాళ్టి అలవాటుకు అదే తాతముత్తాత.

అయితే పోప్ ఏర్పాటులో ఒక లోపం ఉంది. నా పెరటి తలుపు లోపమే అది. తీగ కోసేస్తే గంట మోగదు. బ్యాటరీ అయిపోయినా మోగదు. మోగకపోతే ఇంటాయన నిశ్చింతగా పడుకుంటాడు.

రైలు పట్టాలు నేర్పిన పాఠం

ఈ లోపానికి మందు స్పష్టంగా రాసిపెట్టింది తాళాల వాళ్ళు కాదు, రైలు సిగ్నళ్ళ మనిషి. విలియం రాబిన్సన్ 1870లో పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర తనంతట తాను పనిచేసే సిగ్నల్ పెట్టాడు. రైలు చక్రం తగలగానే సర్క్యూట్ కలుస్తుంది, సిగ్నల్ ప్రమాదం చూపిస్తుంది. పని చేసింది. కానీ రాబిన్సన్‌కు మనసు కుదుటపడలేదు. తీగ తెగితే? రైలు రెండుగా విడిపోయి వెనక పెట్టెలు పట్టాల మీదే మిగిలిపోతే? సిగ్నల్ ‘దారి ఖాళీ’ అని చెబుతూనే ఉంటుంది.

అందుకని మొత్తం తిరగేశాడు. 1872 ఆగస్టు 20న పేటెంటు వచ్చిన పద్ధతిలో పట్టాలనే తీగలుగా వాడుకున్నాడు. పట్టాల ఒక ముక్కకు ఈ కొసన బ్యాటరీ, ఆ కొసన రిలే, అంటే కరెంటుతో నడిచే స్విచ్. దారి ఖాళీగా ఉన్నంతసేపూ కరెంటు పారుతూ రిలేను పట్టి ఉంచుతుంది. రైలు వస్తే ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేస్తాయి, కరెంటు రిలే దాకా చేరదు, సిగ్నల్ ప్రమాదానికి పడిపోతుంది. ఒక్క పెట్టె మిగిలినా అంతే, తీగ తెగినా అంతే, బ్యాటరీ చచ్చినా అంతే. ‘అంతా బాగుంది’ అని చెప్పాలంటేనే కరెంటు కావాలి. ప్రమాదం చెప్పడానికి ఏమీ అక్కర్లేదు. ఈ ట్రాక్ సర్క్యూట్లు మన రైల్వేలో ఇప్పటికీ ఉన్నాయి.

తలుపుల దగ్గరా ఇదే నిలిచింది. మూసి ఉన్నప్పుడు తీగలో సన్నగా కరెంటు పారుతూ ఉండాలి. తలుపు తెరిచినా, తీగ కోసినా అది ఆగిపోతుంది, గంట మోగుతుంది. రోజంతా పారాలి కాబట్టి కొద్దిగానే పారాలి. దొంగల గంటల తీగలు తక్కువ వోల్టుల సన్నటి తీగలుగా ఉండిపోవడానికి ఇదొక కారణం.

దొంగలూ ఊరుకోలేదు. తీగ కోస్తే మోగుతుంది కదా, కోయకుండా తలుపుకు ముందే రెండు తీగలూ కలిపి ముడేస్తే? కరెంటు పారుతూనే ఉంటుంది, తలుపు ఎంత తెరిచినా ‘మూసి ఉంది’ అనే వినిపిస్తుంది. దీనికి విరుగుడు తీగ చివర, తలుపు దగ్గరే పెట్టే చిన్న రెసిస్టరు. అది అడ్డుంటే కరెంటు ఒక లెక్కలోనే పారుతుంది. ముడేస్తే లెక్క పెరుగుతుంది, కోస్తే సున్నా అవుతుంది. రెసిస్టర్లు రెండు పెడితే తీగ నాలుగు మాటలు చెప్పగలదు: మూసి ఉంది, తెరిచి ఉంది, నన్ను కోశారు, నన్ను ముడేశారు.

గాజు గొట్టంలో రెండు రేకులు

ఇక మిగిలింది స్విచ్. బయటికి కనిపించే రేకులకు తుప్పు, దుమ్ము, చీమలు. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ అనే ఇంజనీరు టెలిఫోను పరికరాల కోసం ఒక స్విచ్ తయారుచేశాడు. చిన్న గాజు గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు ఇనుప మిశ్రమపు రేకులు, కొసల మధ్య వెంట్రుకవాసి ఎడం. గొట్టం మూసేస్తారు, లోపల తుప్పు పట్టనివ్వని వాయువు. అయస్కాంతం దగ్గరికి తెస్తే రేకులు ఒకదాన్నొకటి లాక్కుని అతుక్కుంటాయి, తీసేస్తే వాటి స్ప్రింగు గుణంతో విడిపోతాయి. పేటెంటు 1941లో వచ్చింది. పేరు రీడ్ స్విచ్.

టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం పుట్టిన ఈ బుల్లి గొట్టం తలుపులకు అతికినట్టు సరిపోయింది. రెక్కకు అయస్కాంతం, ద్వారబంధానికి గొట్టం. వాటి మధ్య తీగ లేదు, రాపిడి లేదు, అరిగే వస్తువు లేదు. ఇవాళ ఏ ఇంటి తలుపు మీద తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు రెండు పక్కపక్కన కనిపించినా, తీగతో నడిచేవైతే వాటిలో సాధారణంగా ఉండేది ఇదే.

కరెంటు పోతే తాళం ఏం చేయాలి?

సెన్సర్ చెబుతుంది, తాళం వింటుంది. అందుకే తాళం దగ్గర మౌనం ఇంకా ముదిరింది. ఆజ్ఞ రాకపోతే తలుపు మూసి ఉండాలా, తెరుచుకోవాలా?

1969లో మాంట్రియల్ ఫోరం అనే హాకీ స్టేడియంలో ఈ ప్రశ్న తలెత్తింది. జనం చొరబడకుండా తలుపులు మూసి ఉంచాలి. నిప్పంటుకుంటే మూసిన తలుపు దగ్గర జనం నలిగిపోతారని అగ్నిమాపక అధికారుల భయం. అప్పటికే తలుపులను తెరిచి పట్టుకోవడానికి విద్యుదయస్కాంతాలు వాడేవారు. ఇర్వింగ్ సఫీర్‌స్టీన్ అనే ఆయన వాటినే కొన్నింటిని వరసగా పేర్చి, మూసి పట్టుకోవడానికి వాడాడు. ఇవాళ ఆఫీసు తలుపు పైన కనిపించే మ్యాగ్నెటిక్ లాక్ అలా పుట్టింది. అందులో కదిలే బోల్టు లేదు. పన్నెండు వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే ఎల్ఈడీ బల్బు తినేంత కరెంటుతో, సుమారు 270 కిలోల లాగుడును తట్టుకునే రకాలున్నాయి. కరెంటు తీస్తే మరుక్షణం వదిలేస్తుంది. జనం ఉన్నచోట ఆ గుణమే దానికి ప్రాణం.

సరుకుల గదికి ఈ గుణం పనికిరాదు. కరెంటు పోయిన ప్రతిసారీ తెరుచుకుంటే దొంగకు మీటరు దగ్గర స్విచ్ ఆపడమే పని. అక్కడికి రెండో రకం కావాలి: కరెంటు ఇస్తేనే బోల్టు వెనక్కి పోయేది, లేనప్పుడు బయటివాడికి తెరుచుకోనిది, లోపలి మనిషి మాత్రం చేత్తో పిడి తిప్పి బయటపడగలిగేది. రెండింటిలో గొప్పది ఏదని అడిగితే జవాబు లేదు. ఆ తలుపు వెనక ఉన్నది మనుషులా సరుకా అన్నదే ప్రశ్న.

ఇంటికి బుర్ర వచ్చింది

తీగలన్నీ ఒక పెట్టెలోకి చేరి, ఆ పెట్టె నిర్ణయాలు తీసుకోవడం మూడో అంకం. 1975లో స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ తన పదో ప్రాజెక్టుగా ఎక్స్-10 తయారుచేసింది. ఇంట్లో ఉన్న కరెంటు వైర్ల మీదనే సంకేతాలు పంపి దీపాలు వెలిగించే పద్ధతి. కొత్త తీగలు అక్కర్లేదు, మొత్తం 256 చిరునామాలు. ఇంటి ఆటోమేషన్‌కు అది పునాది వేసింది. కానీ తొలిరోజుల పరికరాలు వినేవే గానీ బదులు పలికేవి కావు. ‘వెలుగు’ అని పంపాక దీపం వెలిగిందో లేదో లేచి వెళ్ళి చూడాల్సిందే. దీపానికైతే పర్వాలేదు. తాళానికి ఆ ధీమా పనికిరాదు. మళ్ళీ అదే మౌనం.

ఆ మౌనానికి మందు ఈసారి ఎడారిలో దొరికింది. 1999లో ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్‌తో కలిసి చమురు పైపులైన్ల కబుర్లు ఉపగ్రహం ద్వారా తెప్పించడానికి ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతి రాశారు. అందులో ఒక ముచ్చటైన ఏర్పాటుంది, పేరు వీలునామా. ప్రతి పరికరమూ మొదట్లోనే మధ్యవర్తి కంప్యూటరుకు ఒక మాట అప్పగించి పెడుతుంది: ‘నా నుంచి కబురు ఆగిపోతే నా తరఫున ఈ మాట అందరికీ చెప్పు.’ పరికరం గుటుక్కుమన్నా దాని మాట వినిపిస్తుంది. రాబిన్సన్ పట్టాల మీద చేసినదాన్నే వీళ్ళు అక్షరాలతో చేశారు.

2013లో పౌలస్ షౌట్‌సెన్ అనే ఆయన పొద్దుగూకగానే ఇంట్లో దీపాలు వెలగాలని మొదలుపెట్టిన చిన్న పైథాన్ ప్రోగ్రాం, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అయింది. 2014లో షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఇఎస్‌పి8266 అనే చవక చిప్‌లోనే వైఫై పెట్టింది. దాంతో పాత దొంగల గంట తీగలున్న ఇల్లు బొటనవేలంత బోర్డుతో ఫోనుకు అందుబాటులోకి వచ్చింది.

తగిలించడంలో మెలకువలు మాత్రం పాతవే. ఆ చిప్ కాళ్ళు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. పన్నెండు వోల్టుల తీగ నేరుగా పెడితే అంతే సంగతులు. తీగ తెగినప్పుడు కాలు గాల్లో వేలాడి నోటికొచ్చింది చెప్పకుండా ఒక రెసిస్టరుతో పైకి కట్టిపెట్టాలి. రీడ్ రేకులు తాకేటప్పుడు క్షణంలో నాలుగైదుసార్లు ఎగిరెగిరి పడతాయి. కొన్ని మిల్లీసెకన్లు ఆగి నమ్మమని ప్రోగ్రాంకు చెప్పాలి. తాళాన్ని చిప్ స్వయంగా మోయలేదు, మధ్యలో రిలే కావాలి. తాళం చుట్టలో కరెంటు ఆపిన క్షణాన ఎదురు తన్నే వోల్టేజీకి, డీసీ కరెంటుతో నడిచే తాళమైతే, అడ్డంగా డయోడు వేయాలి. తాళానికి ఇన్వర్టరో బ్యాటరీయో విడిగా ఉండాలి. తాళానికి ఆజ్ఞ ఇచ్చి ఊరుకోకుండా, ఆ తలుపుకే ఇంకో సెన్సర్ పెట్టి ‘నిజంగా మూసుకుందా?’ అని అడగాలి.

ఎలుక దెబ్బ తర్వాత నేను స్విచ్ మార్చాను, చివర రెండు రెసిస్టర్లు కలిపాను, బోర్డు చేత వీలునామా రాయించాను. ఈసారి ఊరెళ్ళే ముందు పెరట్లోకి వెళ్ళి తీగ ఊడదీసి నిలబడ్డాను. జేబులో ఫోను గొల్లుమంది. మళ్ళీ బిగించాను. బోర్డుకు కరెంటు తీసేశాను. అరనిమిషం తర్వాత ఇంకోసారి మోగింది, ‘పెరటి తలుపు: కబురు లేదు’ అని.

“బాగున్నదాన్ని పీకి బాగుందో లేదో చూడటమేంట్రా?” అంటూ అమ్మ లోపల గొళ్ళెం కూడా వేసింది.