సత్రం, కాలువగట్టు, క్యాంపు

క్రిస్మస్ కథ అనగానే పుస్తకాలూ సినిమాలూ మనకు అలవాటు చేసిన బొమ్మ ఒకటుంది. బయట మంచు, లోపల నెగడు, దాని చుట్టూ ఇంటిల్లిపాది, నడుమ కథ చెప్పే పెద్దాయన. 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ క్యారల్’ ఈ బొమ్మకు రంగులద్దింది. పొగగొట్టంలోంచి దిగే శాంతాక్లాజ్‌కైనా ముందు ఒక ఇల్లంటూ ఉండాలి. ఈ లెక్కన ఇంటికి దూరంగా ఉన్నవాడి క్రిస్మస్ ఎప్పుడూ ఒక మెట్టు తక్కువే. తెలుగువాళ్ల చరిత్ర చూస్తే ఈ లెక్క కుదరదు. మన దగ్గర క్రీస్తు పుట్టుక కథ వేలమందికి చేరిన కాలాల్లో అది పొయ్యి పక్కన కన్నా పని జరిగేచోటే ఎక్కువ వినబడింది. కాలువగట్టున, కట్టడం పక్కన, ఊళ్లు వదిలి వచ్చిన కూలీల గుడిసెల మధ్య పెరిగిన కథ అది. ఇవాళ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అదే కథను చెప్పుకునే తెలుగువాళ్లు ఊరి పండగకు నకలు తీస్తున్నారనుకోవడం పొరపాటు. కథ తన పాత అడ్రసుకే చేరింది.

జెబెల్ అలీ పక్కన ఎడారిలో 1990ల చివర్లో మొదలై, సుమారు 2,300 హెక్టార్లలో పరుచుకున్న ప్రాంతం ఈ పార్క్. ఫ్యాక్టరీలు, గోదాములు, ఆఫీసులు, విల్లాలు, వాటితోపాటు కార్మికుల వసతి భవనాలు. ఆ భవనాలను పనివాళ్లు పిలిచే పేరు ఒక్కటే: క్యాంపు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకు ఈ మాటను విడమరచి చెప్పనక్కర్లేదు. యు.ఏ.ఈ.లో డిసెంబర్ 25 సెలవు రోజు కాదు. డ్యూటీ పడితే డ్యూటీకి వెళ్లాల్సిందే. 2022 జనవరిలో వారాంతం శని, ఆదివారాలకు మారేదాకా ఇక్కడి చర్చిల్లో పెద్ద ఆరాధన శుక్రవారమే జరిగేది. అంటే దేవుడి రోజే పనిరోజుల లెక్కకు సర్దుకుంది. పండగను ఇలా సర్దుకోవడానికి తెలుగు క్రైస్తవుల దగ్గర సొంత మాట ఒకటి ముందే ఉంది, ‘సెమీ క్రిస్మస్’. డిసెంబర్‌లో అందరికీ వీలైన ఏదో ఒక రోజున పాటలు, నాటిక, కేకు, పుట్టుక కథ. క్యాలెండర్ తనకు లొంగనివాళ్లకు ఇంతకన్నా అక్కరకొచ్చే ఏర్పాటు ఉండదు.

ఈ కథను అంత తేలిగ్గా మోసుకుపోవచ్చంటే దానికి కారణం అందులో ఉన్నదానికన్నా లేనిదే. పుట్టుక సంగతి రాసింది మత్తయి, లూకా ఇద్దరే. మార్కు, యోహాను ఆ జోలికే పోలేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే మూడు కానుకలను బట్టి జనమే ముగ్గురిని లెక్కగట్టారు. వాళ్ల ఊరు కూడా ‘తూర్పు’ తప్ప మరేమీ కాదు. 2వ శతాబ్దపు జస్టిన్ మార్టిర్ వాళ్లను అరేబియా నుంచి వచ్చినవాళ్లన్నాడు. అందులో సబబు లేకపోలేదు. సాంబ్రాణి చెట్టు దక్షిణ అరేబియాది, ఒమన్‌లోని ధోఫార్ కొండలు నేటికీ దానికి పేరుమోసిన చోటు. లూకాలో సత్రం ఉంది గాని సత్రం యజమాని లేడు. గాడిద లేదు, ఎద్దు లేదు. ఇన్ని ఖాళీలున్న కథను ఎవరు చెప్పినా ఏదో ఒకటి కలపక తప్పదు.

తెలుగులో ఆ కలపడం ఒక్క మాట దగ్గరే మొదలైంది. యోసేపు, మరియలకు చోటు దొరకని స్థలాన్ని లూకా గ్రీకులో ‘కటాలుమా’ అన్నాడు, అతిథులు దిగే గది అని అర్థం. అదే లూకా చివరి భోజనం సందర్భంలో మళ్లీ ఆ పదమే వాడితే, మన వాడుక బైబిల్ దాన్ని ‘విడిది గది’ అంది. గాయపడ్డవాణ్ణి మంచి సమరయుడు చేర్చిన చోటుకు లూకా వేరే పదం వాడాడు, డబ్బిచ్చి దిగే బస అది. దానికి మన అనువాదం ‘పూటకూళ్ల’ ఇంటిని ఎంచుకుంది. బేత్లెహేము దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘సత్రము’ అంది. విడిది అంటే పెళ్లివారికి మర్యాద, పూటకూళ్లిల్లు అంటే చేతిలో పైసలు. సత్రం దానధర్మం. దారిన పోయేవాళ్లకు ఉచితంగా నీడ ఇవ్వడానికే కట్టింది. అలాంటి చోట ఒక నిండు గర్భిణికి జాగా లేకపోయిందంటే ‘నిండిపోయిందేమో’ అని సరిపెట్టుకునే ఇంగ్లీషు చెవి వేరు, ఏ సత్రంలో ఎవరిని అరుగు దాటనిస్తారో పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాల, మాదిగ వాడల చెవి వేరు.

అనువాదకుడి మనసులో ఇదంతా లేదు, నువ్వే కులాన్ని లాక్కొచ్చి అతికిస్తున్నావు అనవచ్చు. అనువాదకుడి ఉద్దేశం నాకు తెలుసని నేననను. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజిస్, ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తల తెలుగు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది, మరో మిషనరీ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది, ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. ఒక్కో మాట వెనక ఎవరేమనుకున్నారో వెతకడం దండగ. చెప్పుకునే కథకు అర్థం పడేది వినేవాడి చెవిలో. ఆ వినేవాళ్లెవరో చరిత్రకు బాగా తెలుసు.

1876–78 నాటి కరవులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి, తలదాచుకోవడానికి క్యాంపు. పని చూసే మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. వాళ్లలో చాలామంది మాదిగలు. పార దించి కూర్చున్న కాసేపట్లో ఆ మేస్త్రీలే కథకులు. చదువు రాని శ్రోత, పుస్తకం అక్కర్లేని కథ, చెప్పేవాడికీ వినేవాడికీ ఒకే మట్టి. అక్కడ జనం పదేపదే అడిగింది అలసినవాళ్లను రమ్మని పిలిచే క్రీస్తు మాటనని క్లౌ రాసుకున్నాడు. అది పుట్టుక కథ కాదన్నది నిజమే. అయితే ఆ పిలుపు ఎవరికి తగిలిందో, పశువుల తొట్టీ వాళ్లకే తగిలింది. పిలిచినవాడు కూడా చోటు దొరకని ఇంటివాడేనని చెప్పేది ఆ తొట్టే.

వెంటనే వినబడే ఆక్షేపణ పాతదే: వాళ్లు కథకు రాలేదు, గింజలకు వచ్చారు. ఈ మాట పడుతుందని క్లౌకూ తెలుసు. అందుకే కరవు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఇక లేదని చెప్పాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది నీటిలోకి దిగారు. ఆకలికి ఇందులో పాత్ర లేదనడం అబద్ధమవుతుంది. గింజలు నిండుకున్నాక కూడా నిలిచినదాన్ని గింజలతోనే లెక్కగట్టడం అంతకన్నా పెద్ద అబద్ధం.

ఇంకో ఆక్షేపణ బలమైనది. తెలుగు నేలకు క్రీస్తు కథ 18వ శతాబ్దపు తొలినాళ్లలోనే జెసూట్ ఫాదర్లతో వచ్చింది. గుంటూరు ప్రాంతపు రెడ్డి, కమ్మ కతోలిక కుటుంబాలకు భూములూ లోగిళ్లూ ఉండేవి, కథ అక్కడా సాగింది. కాదనను. ఇంటి కథ మనకూ ఉంది. కానీ అది ఆ ఇళ్ల గడప దాటి ఊరూరికీ పాకడానికి కూలిజనం కావలసివచ్చింది. మెదక్ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరవులో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఉచితంగా తిండి పంచే బదులు గుడి కట్టే పని చూపించాడు. 1914లో మొదలైన ఆ గుడి 1924 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు తెరుచుకుంది. లోపల రంగు అద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు పుట్టుకది. దానికి దీపం పనికిరాదు. బయటి ఎండ లోపలికి పడితేనే బొమ్మ కనిపిస్తుంది, చీకటి పడితే అద్దం నల్లబడుతుంది. రాళ్లు మోసిన జనం కథను అక్షరాల్లో చూడలేకపోయినా వెలుతురులో చూశారు. తెలంగాణలో గల్ఫ్ వలసలు బాగా పెరిగింది ఆ చుట్టుపక్కల జిల్లాల నుంచే.

ఇలా ప్రతివాడూ తన బతుకును కలిపేస్తే అసలు కథ చెడదా? చెడుతుందనే భయం పాతదే, కలపడమూ పాతదే. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ అనే సన్యాసి గడ్డి, తొట్టి, నిజమైన ఎద్దు, గాడిద తెప్పించి పల్లెజనం ముందు పుట్టుకను కళ్లకు కట్టాడు. లూకాలో లేని ఆ రెండు జంతువులు అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్ బొమ్మలోనూ మరింత గట్టిగా నిలబడ్డాయి, మూలపాఠానికి వచ్చిన నష్టం లేదు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌కు కొద్ది దూరంలో, జెబెల్ అలీలో ఉన్న కతోలిక చర్చిది ఆ సన్యాసి పేరే, సెయింట్ ఫ్రాన్సిస్ ఆఫ్ అసిసి. ఈ నేలకు కథ కొత్తదీ కాదు. అబుదాబి తీరంలోని సర్ బనీ యాస్ దీవిలో 7–8 శతాబ్దాల నాటి క్రైస్తవ మఠం 1992లో బయటపడింది. ఖురాన్‌లోని మర్యం సూరాలో ఆ తల్లి నొప్పులతో ఒంటరిగా ఖర్జూరపు మొదలును ఆనుకుంటుంది, పైనుంచి పండ్లు రాలతాయి. అక్కడా కాన్పు ఇంటి బయటే.

అందుకే క్యాంపులో ఈ కథను పంచుకోవడం ఊరి మీద బెంగ మాత్రమే అనేవాళ్లతో నేను సగమే ఏకీభవిస్తాను. బెంగ ఉంటుంది. కానీ బెంగ పెట్టుకున్నవాడు ఊరి జాతరనో అమ్మ వంటనో తలుచుకుంటాడు. ఈ కథలో ఊరు లేదు. ఉన్నది సర్కారు హుకుం మీద పేరు నమోదుకు బయల్దేరిన మనిషి, రాత్రి డ్యూటీలో ఉన్న గొర్రెల కాపరులు, ప్రాణభయంతో పరాయి దేశానికి పారిపోయిన కుటుంబం. చెప్పేవాడు వీటిలో ఏ చోటనైనా నిలబడవచ్చు, వినేవాడూ అంతే. మందికి పంచినా తరగని ఆస్తి కూలివాడి దగ్గర వేరే ఏముంది? దుబాయ్‌లో గది అద్దెకు తీసుకోలేనివాడికి మంచం వెడల్పు జాగాను నెలల లెక్కన ఇస్తారు, దాన్ని ‘బెడ్ స్పేస్’ అంటారు. కథ సత్రం దగ్గరికి వచ్చినప్పుడు ‘స్థలం లేదు’ అన్న మాటకు ఆ ఊళ్లో ఎవరూ అర్థం అడగరు.