ఆటముక్కల పరిభాష

పూర్వవస్తువులను బ్రోగుచేయువారికిఁ దమదైన పరిభాష యొకటి యుండును. నాణెములను గూర్చువారికిని, తాళపత్రములను వెదకువారికిని, పాత యాటవస్తువులను సేకరించువారికిని ఇది సమానము. వస్తువు దేనితోఁ జేయఁబడినది, ఏ కాలపుది, ఎవరి పనితనము, దానియందలి కొఱఁత యెంత యనునవి యా పరిభాష తెలుపును. ఒకప్పుడు ఆ వస్తువుతో నాడినవారు దాని నేమని పిలిచిరో తెలుపుట దాని పని కాదు. సేకర్త మాట వస్తువు యొక్క విలువను జెప్పును. ఆటగాని మాట వస్తువు వచ్చిన త్రోవను జెప్పును. ఈ భేదము తెలుగుదేశపుఁ బేకాట చరిత్రమున మిక్కిలి స్పష్టముగాఁ గానవచ్చుచున్నది.

మన దేశమున ముక్కలాటలలోఁ బ్రాచీనమయినది గంజీఫా. 1527వ సంవత్సరమున బాబరు సింధుదేశమునందలి షా హసనునకు గంజీఫాను బంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. అక్బరు కాలమున అబుల్ ఫజలు తన గ్రంథమున పండ్రెండు రంగులు గల యాటను వర్ణించెను. ఒక్కొక్క రంగునకుఁ బండ్రెండు ముక్కలు; వెరసి 144. ఆ రంగుల పేళ్లలో అశ్వపతి, గజపతి, నరపతి యనునవి మొదటివి. శాసనములను జదివిన తెలుగువారికి ఈ మూఁడు బిరుదములు నెంతయుఁ బరిచితములు. గజపతి యోఢ్రరాజని అబుల్ ఫజలే చెప్పినాఁడు. దక్షిణాపథపు రాజ్యవిభాగము ఆటముక్కలపై నెక్కెననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మొగలాయీల యష్టవర్ణపు గంజీఫాలో తాజు, సఫేదు, శంషేరు, గులాము, చంగు, సుర్ఖు, బరాతు, కిమాషు అనునవి రంగులు. అనఁగాఁ గ్రమముగా కిరీటము, వెండినాణెము, ఖడ్గము, దాసుఁడు, వీణవంటి వాద్యము, బంగారునాణెము, ఆజ్ఞాపత్రము, సరకు. ప్రతి రంగునందును రాజు, వజీరు, పది యంకెముక్కలు; మొత్తము 96. హిందువులు దీనినే దశావతారములకు సరిపెట్టి 120 ముక్కల యాటగాఁ జేసికొనిరి. తెలుగుదేశమున నిర్మలయందును, పూర్వపుఁ గర్నూలుజిల్లాలోని నొస్సమునందును చిత్రకారులు ఈ గుండ్రని ముక్కలను వ్రాసిరి.

ఇట్టి ముక్కలను సేకరించువారు వానిని రెండు తెగలుగా విభజింతురు. దంతముతోఁగాని తాఁబేటిచిప్పతోఁగాని చేసి, బంగారునీరు పూసినవి 'దర్బారు కలము'. గుడ్డకుఁ జింతగింజల జిగురు పట్టించి, రంగు వేసి, లక్క పూసినవి 'బజారు కలము'. కలమనఁగా నిక్కడ కుంచె, లక్షణచేత పనితనము. 1982లో రుడాల్ఫ్ వాన్ లైడెన్ రచించిన గంజీఫా గ్రంథమును లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల ప్రకటించిన పిమ్మట ఈ శాస్త్రమునకు గట్టి పునాది యేర్పడెను. నేఁడు ప్రదర్శనశాలల పట్టికలలో ముక్క కొలత, ద్రవ్యము, ఊరు, లోపించిన ముక్కల సంఖ్య చక్కఁగా నమోదగుచున్నవి.

అయినను ఆటనియమములు పట్టికకు లొంగవు. మొదటి నాలుగు రంగులలోఁ బదియంకె యెక్కువది. తక్కిన నాలుగింటఁ దలక్రిందుగా ఒంటిముక్క యెక్కువది. పగటియాటలో సుర్ఖు రాజును, రాత్రియాటలో సఫేదు రాజును ముందు వేయవలయును. దశావతారముల యాటలోఁ బగలు రామునిది, రాత్రి కృష్ణునిది అగ్రస్థానము. బంగారము సూర్యునకు, వెండి చంద్రునకు గుఱుతులని గ్రహించినగాని ఈ నియమమునకు అర్థము తోఁపదు. సూర్యవంశమువాఁడు రాముఁడు, చంద్రవంశమువాఁడు కృష్ణుఁడు అగుటచేత హిందువుల మార్పు ఎంత యౌచిత్యముతో జరిగినదో విశదమగును. ముక్కను మాత్రము దాఁచి మాటను విడిచినచో ఈ యౌచిత్యము నశించును.

గంజీఫా మూలఁబడిన పిదప నెగడినది నాలుగు రంగుల పాశ్చాత్యపుఁ బేక. దీని పరిభాష వేఱొక ద్వారమునుండి వచ్చినది. ఓలందావారు 1605లో మచిలీపట్టణమునకు వచ్చి వర్తకము నారంభించిరి. పాలకొల్లు, భీమునిపట్టణము మొదలగు తావులలోఁ గోఠీలు కట్టిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చిరి. 1824 సంధి ననుసరించి ఓలందావారు తమ స్థానములను ఇంగ్లీషువారికి విడిచిపోయిరి. వారి కోఠీలు శిథిలములైనవి. వారి మాటలు మాత్రము పేకాటయందు నిలిచియున్నవి.

ఆటీను అను పదమును బరికింపుఁడు. ఇంగ్లీషున ఈ రంగునకు 'హార్ట్సు' అని పేరు; దాని తుద నకారము లేదు. పోర్చుగీసులో 'కోపస్'. ఓలందాభాషలో 'హార్టెన్'. తొలి హకారము లోపించి, నడిమి రేఫము జాఱి, తుది నకారము నిలిచి ఆటీను అయినది. కళావరు సైతమిట్టిదే. ఇంగ్లీషు 'క్లబ్బు'లో వకారము లేదు. పోర్చుగీసు 'పావుష్' దరిచేరదు. ఓలందా 'క్లావర్' నడుమ స్వరభక్తి చేరి కళావరు అయినది. తురుపు అనునదియు నంతే. ఇంగ్లీషు 'ట్రంపు', పోర్చుగీసు 'త్రుంఫు' అను రెంటను అనునాసికము గలదు, తెలుగున లేదు. ఓలందా 'త్రూఫ్'న సైతము లేదు. గుఱ్ఱపుదళము నర్థముగాఁ గల తురుపు ఇంగ్లీషు 'ట్రూపు'నుండి వచ్చిన వేఱుమాట, రెంటిని గలపరాదు. ఆసులోని దీర్ఘాకారము ఇంగ్లీషు 'ఏసు'ను గాక ఓలందా, పోర్చుగీసు 'ఆస్'లనే చూపుచున్నది.

ఇస్పేటు విషయమున జాగరూకత వలయును. తొలి యికారమును జూచి దీనిని బోర్చుగీసు 'ఎస్పాదా'కే కట్టిపెట్టుట తగదు. ఇస్కూలు అను మాటయందువలె సంయుక్తాక్షరమునకు ముందు ఇకారము చేర్చుట మనదేశపు వాడుక. ఇంగ్లీషు 'స్పేడు' సైతము ఇట్లే మాఱఁగలదు. ఓలందా 'స్కొప్పెన్' మాత్రము కాదు. డైమను ఇంగ్లీషుదే. ఈ సందర్భమున సింహళమును బోల్చిచూచుట లాభకరము. అచట హారత, కలాబర, ఇస్కోప్ప, రుయిత అని నాలుగును ఓలందావారివే. సింహళ తీరమున వారు 1796 వఱకుఁ బ్రభుత్వము చేసిరి; తెలుగుతీరమున వారు వర్తకులు మాత్రమే. ఏలినచోట నాలుగు పేళ్లును నిలిచినవి. బేరమాడినచోట రెండు నిలిచి, తక్కిన రెండింట ఇతరులకుఁ దావు దొరకినది. రాజ్యచరిత్రమునకు, మాటల చరిత్రమునకు నింత పొందిక యుండుట గమనింపఁదగినది.

గోలకొండ ప్రక్కను బాఱు మూసీనది మిర్యాలగూడ ప్రాంతమున వాడపల్లికడఁ గృష్ణలోఁ గలియును. అగస్త్యేశ్వరునకును, లక్ష్మీనృసింహునకును నిలయమైన యా గ్రామమునకు వజీరాబాదను నామాంతరము గలదు. అచటినుండి కృష్ణ మచిలీపట్టణపు దెసకు సాగును. హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడల మీఁదుగా నేఁటి రహదారియు నా పట్టణమునకే పోవుచున్నది. మూసీ యొడ్డునఁ బారసీకపుమాట వెలసెను. కృష్ణ తుదను ఓలందామాట దిగెను. 'ఆటీను గులాము' అన్నప్పుడు ఈ రెండును ఒక్కముక్కపైఁ గలియుచున్నవి. గంజీఫాలో నొక రంగునకుఁ బేరయిన గులాము పాశ్చాత్యపుఁ బేకలో నొక బొమ్మముక్కకుఁ బేరయినది. జాకీ యను ఇంగ్లీషుమాట దాని ప్రక్కను జేరినది. మూసీనీరు కృష్ణలోఁ గలిసినపిదప వేఱుచేయరానిది; మాటలను మాత్రము వేఱుచేసి చూపవచ్చును.

ఈ న్యాయము క్రొత్త యాటలకును జెల్లును. నేఁడు లోకమంతటఁ బాత వీడియో ఆటలను సేకరించువారు గలరు. చెడని వస్తువును వారు 'మింట్' అందురు. టంకశాలయని యర్థమగు నా మాట నాణెముల సేకర్తలనుండి వచ్చినది. వారు వెదకు ఫ్యామిలీ కంప్యూటరును 1983లో వెలువరించిన నింటెండో సంస్థ 1889లో క్యోటో నగరమునఁ బేకముక్కలు చేయుటకే పుట్టినది. జపానులో ముక్కలకుఁ గల 'కరుతా' యను పేరు పోర్చుగీసు 'కార్తా'యే. ఆటను నిలుపు పెట్టెను సేకర్తలు 'కార్ట్రిడ్జి' యనఁగా, 1990 ప్రాంతమున మన పిల్లలు దానిని 'క్యాసెట్టు' అనిరి. అందు నాడా లేదు. పాటల క్యాసెట్టు ఇంటింట నున్న కాలమున ఆ యాట వచ్చెనని యా తప్పుపేరే సాక్ష్యమిచ్చుచున్నది. పట్టికలో దానిని దిద్దినచో సాక్ష్యము చెఱిగిపోవును.

కావున సేకర్తల పట్టికలయందు ఆటగాండ్ర పేళ్లకును ఒక గడి యుండవలయును. దంతపుముక్క పెట్టెలో శతాబ్దములు నిలుచును. దాని పేరు పలుకువాని నాలుకపైఁ దప్ప నిలువదు. కళావరు, ఆటీను అను పదములు నేఁడును రచ్చబండలపై వినఁబడుచున్నవి. ఊరూరను బాఠాంతరములను, ఉచ్చారణభేదములను, మఱుగుపడుచున్న యాటనియమములను విని వ్రాసికొనుట పాఠశాలలందలి పండితులకు సుకరము. నిఘంటుకర్తలకు నది యావశ్యకము.