అకిలిస్ నుంచి ఢిల్లీ దాకా

భారత నౌకాదళంలో ముప్పై ఏళ్లు కొలువు చేసిన క్రూయిజర్ ఐఎన్ఎస్ ఢిల్లీ అసలు పేరు అకిలిస్. ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయిర్డ్ వారి యార్డులో తయారై, 1932లో నీళ్లలోకి దిగి, మరుసటి ఏడాది బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. బరువు సుమారు ఏడు వేల టన్నులు, పొడవు 169 మీటర్లు, వేగం 32 నాట్లు. నాలుగు టరెట్లలో రెండేసి చొప్పున ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులుండేవి. సముద్రపు వర్తక మార్గాలకు కాపలా కాయడానికి కట్టిన లియాండర్ తరగతి ఓడల్లో ఇదొకటి. కొన్నేళ్లకే దీన్ని న్యూజీలాండ్‌కు కేటాయించారు. సిబ్బందిలో ఎక్కువమంది అక్కడివాళ్లే.

ఈ ఓడకు పేరు తెచ్చింది 1939 డిసెంబర్ 13 నాటి రివర్ ప్లేట్ యుద్ధం. అట్లాంటిక్‌లో సరుకు ఓడలను వరసగా ముంచుతున్న జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పే, దక్షిణ అమెరికా తీరం దగ్గర బ్రిటిష్ పక్షపు క్రూయిజర్లు ఎగ్జెటర్, అజాక్స్, అకిలిస్‌ల కంటపడింది. దాని ఫిరంగులు పదకొండంగుళాలవి. వాటి దెబ్బకు ఎగ్జెటర్ పోరాడే స్థితిలో లేకుండా పోయింది. అకిలిస్ పక్కన పడి పేలిన గుండు ముక్కలు బ్రిడ్జిని, దాని పైనున్న డైరెక్టర్ టవర్‌ను చీల్చుకుంటూ పోయాయి. కెప్టెన్ ప్యారీ కాళ్లకు గాయాలయ్యాయి. ఓడలోని ఫిరంగులన్నిటికీ గురి చూపేది ఆ ఇరుకు టవరే. అందులో కొందరు అక్కడికక్కడే చనిపోగా, మిగిలినవాళ్లు ఆ శవాల మధ్యే కూర్చుని లెక్కలు అందిస్తూ పోయారు. అకిలిస్‌లో చనిపోయింది మొత్తం నలుగురు. తానూ దెబ్బతిన్న గ్రాఫ్ స్పే మాంటెవిడియో రేవులో తలదాచుకుంది. నాలుగు రోజుల తర్వాత దాని కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ స్వయంగా దాన్ని పేల్చి ముంచేశాడు.

పసిఫిక్‌లో అకిలిస్‌కు అంత కలిసిరాలేదు. 1943 జనవరిలో జపాన్ బాంబు వెనకవైపు రెండు టరెట్లలో ముందుదాన్ని ధ్వంసం చేసింది. పదమూడు మంది పోయారు. పోర్ట్స్‌మత్‌లో మరమ్మతుకు చేరితే అక్కడ ఇంధన ట్యాంకు పేలి పద్నాలుగు మంది కార్మికులు చనిపోయారు. పాడైన టరెట్‌ను తీసేసి ఆ చోట విమాన విధ్వంసక తుపాకులు బిగించారు. ఆరు పెద్ద ఫిరంగులు మిగిలాయి.

దేశ విభజనతో పాటే నౌకాదళమూ రెండుగా చీలింది. భారత్ వాటాకు వచ్చినవి నాలుగు స్లూపులు, రెండు ఫ్రిగేట్లు, కొన్ని మైన్‌స్వీపర్లు, చిన్నాచితకా పడవలు. వాటిలో క్రూయిజర్ ఒక్కటీ లేదు. కొత్తది కట్టించుకునే స్తోమతా లేదు, దాన్ని నడిపిన అనుభవమూ లేదు. కాబట్టి పాత ఓడ కొనడమే తెలివైన పని. అకిలిస్ 1948 జూలై 5న హెచ్ఎంఐఎస్ ఢిల్లీగా చేరింది. గణతంత్రం వచ్చాక ఐఎన్ఎస్ ఢిల్లీ అయింది. 1949లో రాజపుత్, రంజిత్, రాణా అనే మూడు డిస్ట్రాయర్లు తోడయ్యాయి. అవీ బ్రిటన్ వాడినవే.

మొదటి కెప్టెన్ బ్రిటిష్ అధికారి. ఆయన కింద ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌గా పనిచేసిన రామ్‌దాస్ కటారి 1958లో భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. కాలం చెల్లుతున్న ఆ ఆరు ఫిరంగుల కన్నా ఢిల్లీ ఇచ్చిన శిక్షణే దేశానికి ఎక్కువ విలువైనది. టరెట్, బాయిలర్ గది, డైరెక్టర్ టవర్ అన్నీ ఉన్న ఓడను వందలాది మంది మొదటిసారి చేత్తో నడిపి నేర్చుకున్నారు.

1950లో నెహ్రూ ఇండోనేషియా పర్యటనకు వెళ్లింది దీని మీదే. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక సందర్భపు నౌకా సమీక్షకు స్పిట్‌హెడ్ వెళ్లింది. తర్వాత సినిమా వేషం కూడా కట్టింది. పావెల్, ప్రెస్‌బర్గర్ తీసిన 1956 నాటి రివర్ ప్లేట్ యుద్ధ చిత్రంలో అకిలిస్‌గా కనిపించేది ఈ ఢిల్లీయే. గ్రాఫ్ స్పే పాత్ర అమెరికా క్రూయిజర్ సేలంది. 1939లో నాలుగు టరెట్లున్న ఓడ తెర మీద మూడింటితోనే కనబడటం గమనించినవాళ్లకు తెలుస్తుంది.

1957లో మరో పాత బ్రిటిష్ క్రూయిజర్ నైజీరియా, మైసూర్ పేరుతో వచ్చింది. అప్పటి నుంచి ఢిల్లీ ప్రాధాన్యం తగ్గింది. అయినా 1961 డిసెంబర్‌లో పోర్చుగీసుల నుంచి గోవా, డయ్యూ విముక్తి చర్యలో దాని ఫిరంగులు డయ్యూ మీద నిప్పులు కురిపించాయి. చివరి ఏళ్లు ఎక్కువగా క్యాడెట్ల శిక్షణలో గడిచాయి. 1969లో న్యూజీలాండ్ కూడా వెళ్లి వచ్చింది.

1978 జూన్ 30న బొంబాయిలో ఢిల్లీని సర్వీసు నుంచి తప్పించి, తర్వాత తుక్కుకు పంపారు. వెనక చివరనున్న టరెట్‌ను మాత్రం భారత్ న్యూజీలాండ్‌కు ఇచ్చింది. అది ఆక్లండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాస్థావరం దగ్గర ఉంది. ఢిల్లీ పేరు 1997లో ముంబై మజగావ్ డాక్‌లో తయారైన డిస్ట్రాయర్‌కు దక్కింది.