హబీబ్ కోసం ఏడ్చిన స్పెయిన్

ఉర్దూ మీడియం రోజుల్లో మా ఉస్తాద్ ఇక్బాల్ 'బాలె జిబ్రీల్' నుంచి ఒక చిన్న నజ్మ్ చెప్పారు. ఉందులుస్‌లో అబ్దుర్రహ్మాన్ నాటిన ఖజూర్ చెట్టు గురించి. బాద్షాహ్ చెట్టుతో మాట్లాడటమేమిటని వెనక బెంచీలో నవ్వుకున్నాం.

ఆ సఫర్ ఏమిటో తర్వాత చదివాను. 750లో అబ్బాసీలు ఉమవీ ఖాందాన్‌ను తుడిచిపెట్టారు. ఇరవై ఏళ్ళ అబ్దుర్రహ్మాన్ ఫురాత్ నది ఈది బయటపడ్డాడు. భయపడి వెనక్కి తిరిగిన తమ్ముణ్ణి అతని కళ్ళ ముందే చంపేశారు. అయిదేళ్ళు ఎక్కడెక్కడో దాక్కుంటూ 755లో స్పెయిన్ చేరాడు. మరుసటి ఏడు ఖుర్తుబాకు అమీర్ అయ్యాడు. అయినా ఊరి బయట కట్టుకున్న తోటకు సిరియాలో తాత హిషామ్ ఉన్న ఊరి పేరే పెట్టాడు, రుసాఫా అని. అక్కడి ఖజూర్‌ను చూసి 'నువ్వూ నాలాగే పరదేశివి' అన్న భావంతో అరబ్బీలో షేర్లు చెప్పాడంటారు. 788లో చనిపోయేదాకా మళ్ళీ వతన్ చూడలేదు.

రాజులకు తవారీఖ్ ఉంటుంది. మామూలు ఆడపిల్లల జుదాయి ఎవరు రాస్తారు?

ఉందులుస్ షాయర్లు రాశారు. వాళ్ళ 'మువష్షహ్' గీతాల్లో చివరి పంక్తులను 'ఖర్జా' అంటారు. మన 'ఖారిజ్' కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. గీతమంతా అరబ్బీలోనో హీబ్రూలోనో సాగుతుంది. కొన్నింటిలో ఖర్జా మాత్రం అక్కడి జనం మాట్లాడుకునే పాత స్పానిష్ జబాన్‌లో ఉంటుంది. అక్షరాలు మాత్రం అరబ్బీవో హీబ్రూవో. అందుకే వందల ఏళ్ళు ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. 1948లో శామ్యూల్ స్టెర్న్ అనే పండితుడు వాటిలో ఇరవై చదివి ప్రచురించాడు. చాలావాటిలో మాట్లాడేది ఒక అమ్మాయి. తల్లితో చెప్పుకుంటుంది: హబీబ్ వెళ్ళిపోయాడు, ఎప్పుడొస్తాడు, నేనేం చేయను? అంతదాకా స్పానిష్ సాహిత్యం యుద్ధవీరుడి కావ్యంతో మొదలైందనుకున్నారు. అంతకంటే పాతవి ఈ ముహబ్బత్ మాటలని తేలింది. అందులో 'హబీబ్' అచ్చంగా అలాగే ఉంది.

ఇది చదివిన రోజు నాకు మా అమ్మీ కిరాణా పుస్తకం యాదొచ్చింది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. చింతపండు, మినప్పప్పు, బెల్లం అన్నీ ఉర్దూ అక్షరాల్లోనే రాసేది. అబ్బా లారీ మీద వెళ్ళిన నెలల్లో ఆ లెక్కల పక్కన మూడు నాలుగు చోట్ల ఒకటే మాట ఉంటుంది. ఉర్దూ రాతలో తెలుగు మాట: 'రాలేదు'. అమ్మీ పోయాక గానీ నేను దాన్ని చదవలేదు.

బంధువులు నా ఉర్దూలో తెలుగు ఎక్కువైందంటారు, డిగ్రీ దోస్తులు నా తెలుగులో ఉర్దూ ఎక్కువైందనేవారు. ఇద్దరికీ సంజాయిషీ చెప్పుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. ఇప్పుడు చెప్పడం లేదు.

1492లో గ్రనాడా పోయింది. 1567లో ఫెలిపె రాజు ఫర్మానాతో అరబ్బీ మాట్లాడటమే నేరమైంది. 1609 నుంచి 1614 దాకా మోరిస్కోలను ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. కానీ ఈ రోజుకీ స్పానిష్ తల్లి కొడుకు కోసం ఎదురుచూస్తూ 'ఓహలా, వస్తే బాగుండు' అంటుంది. ఆ 'ఓహలా' అరబ్బీ నుంచి వచ్చిందే. అల్లాహ్ తలిస్తే అని దాని మానీ.