అద్దం, లిప్‌స్టిక్కు, విమానం

మా ఇంట్లో అద్దానికున్న గిరాకీ మరి దేనికీ లేదు. పొద్దున్నే దాని ముందు ఎవరు నిలబడాలన్న దానిమీద చిన్న యుద్ధమే జరుగుతుంది. ఆ యుద్ధంలో ఎప్పుడూ ఓడిపోయేది నేనే గనుక, అద్దం వల్ల లోకానికి ఒరిగిందేమీ లేదని చాలాకాలం నమ్మాను. నౌకాదళ విమానాల చరిత్ర చదివాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఓడ మీద విమానం దిగడమంటే ఏమిటో ఊహించుకోండి. నేల మీది రన్‌వే పొడుగ్గా ఉంటుంది, పైగా కదలదు. ఓడ కదులుతుంది, లేస్తుంది, పడుతుంది, పక్కకి ఒరుగుతుంది. విమానం తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. డెక్కుకి అడ్డంగా కట్టిన ఉక్కు తాళ్ళలో ఒకదాన్ని అది పట్టుకోవాలి. పట్టుకుంటే విమానం ఆగుతుంది. పట్టుకోకపోతే?

రెండో ప్రపంచయుద్ధం నాటి ఓడల్లో ఈ ప్రశ్నకి మంచి జవాబు లేదు. డెక్కంతా ఈ చివరనుంచి ఆ చివరిదాకా తిన్నగా ఒకటే బాట. అంతకుముందు దిగిన విమానాల్ని ముందు భాగంలో నిలిపేవారు. కొక్కెం తప్పితే అడ్డుగా కట్టిన వలకి గుద్దుకోవాలి. వలా తప్పితే, నిలిపిన విమానాల మీదికీ, అక్కడ పనిచేసే మనుషుల మీదికీ పోవాలి! డెక్కు చివర ఒకాయన రెండు చేతుల్లో బ్యాట్లు పట్టుకుని, పైకి, కిందికి అని సైగలు చేసేవాడు. పంకా విమానాల రోజుల్లో అది సరిపోయింది. జెట్లు వచ్చాక, ఆయన సైగ చెయ్యడం, పైలట్ చూడడం, విమానం మాట వినడం, ఈ మూడూ అయ్యేలోపల ఓడే ఎదురొచ్చేసేది.

1951లో బ్రిటిష్ నౌకాదళంలో ఇద్దరికి రెండు ఆలోచనలు వచ్చాయి. డెనిస్ కాంబెల్ అనే ఆయన, డెక్కు మీది బాటని కొంచెం ఐమూలగా తిప్పితే సరి కదా అన్నాడు. అప్పుడు కొక్కెం తప్పిన విమానానికి ఎదురుగా ఉండేది ఖాళీ సముద్రమే. ఇంజన్ జోరు పెంచి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ రావచ్చు. 1952లో ట్రయంఫ్ అనే ఓడ మీద ఉత్తి రంగు గీతలు గీసి చూశారు. అదే ఏడు అమెరికావాళ్ళు ఆంటీటమ్ అనే ఓడకి నిజంగానే అలాంటి డెక్కు కట్టారు.

రెండో ఆయన నికొలస్ గుడ్‌హార్ట్. ఈయన తన సెక్రటరీ చేతి అద్దం, లిప్‌స్టిక్కు అడిగి తీసుకున్నాట్ట. అద్దం మీద అడ్డగీత గీసి బల్ల మీద పెట్టి, లిప్‌స్టిక్కు ఎదురుగా నిలబెట్టి, ‘‘దాని నీడ గీత మీదనుంచి జారకుండా చూసుకుంటూ నడిచి రా’’ అన్నాట్ట. ఆవిడ వంగుతూ వంగుతూ వచ్చి, సరిగ్గా గడ్డం బల్లకి ఆనించిందని చెబుతారు. అలా ఓడ మీదికి పెద్ద అద్దమూ, అందులో వెలిగే దీపమూ వచ్చాయి. దీపం గీతకి పైన కనిపిస్తే విమానం ఎత్తులో ఉన్నట్టు. కింద కనిపిస్తే ప్రమాదం. తర్వాత్తర్వాత అద్దం పోయి కటకాలొచ్చాయి గాని, సూత్రం అదే.

ఇదంతా ఎందుకంటారా? 1954లో, యుద్ధం లేని ఏడాది, అమెరికా నౌకాదళం 776 విమానాల్ని పోగొట్టుకుంది. 535 మంది చనిపోయారు. అన్నీ ఓడల మీద జరిగినవి కావు. అద్దమూ, ఐమూల డెక్కూ చెయ్యగలిగింది చేశాయి. మిగతాది పుస్తకం చేసింది. అంతవరకూ ఒక్కో దళానిది ఒక్కో పద్ధతి. 1961లో అందరికీ ఒకే పద్ధతి రాసి పెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఏటా పోయే విమానాలు వందల్లోంచి పదుల్లోకి దిగాయి.

కథ అంతటితో సుఖాంతమనుకోకండి. 1967 జులై 29న ఫారెస్టల్ అనే ఓడ మీద, విద్యుత్తు తేడా చేసి ఒక రాకెట్టు తనంత తానే పేలి వెళ్ళింది. ఆ మంటల్లో 134 మంది పోయారు. మంటలార్పడం తెలిసినవాళ్ళు మొదటి బాంబులు పేలినప్పుడే పోయారు. మిగిలినవాళ్ళకి ఆ పని రాదు. అప్పటినుంచి ఆ నౌకాదళంలో అందరికీ మంటలార్పడం నేర్పడం మొదలుపెట్టారు.

మన విక్రాంత్ పేరు విశాఖవాళ్ళకి నేను చెప్పాలా? 1971లో దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ మునిగింది వాళ్ళ సముద్రంలోనే. ఆ విక్రాంత్ 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో మన నౌకాదళంలో చేరేనాటికే ఐమూల డెక్కూ, అద్దమూ అమర్చుకుంది.

ఇలాంటి ఓడల మీద ఇప్పటికీ ఒక పని చేస్తారు. మనుషులు వరసగా నిలబడి, డెక్కంతా నడుస్తూ, బియ్యంలో రాళ్ళేరినట్టు మేకులూ, మరలూ ఏరతారు. ఒక్క మర ఇంజన్లో పడితే చాలు!

నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. జెట్ పైలట్ డెక్కు తాకీ తాకగానే ఇంజన్ జోరు తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తప్పిందేమో, మళ్ళీ ఎగరాలేమో అని. తప్పడం ఎంత గొప్ప పైలట్‌కైనా ఉంటుందని ఒప్పుకుని, దానికి ముందే దారి విడిచిపెట్టారు.

మొన్న మా రెండోవాడు లెక్కల్లో తప్పాడు. వాడి ముందు తిన్నటి డెక్కులా నిలబడి ఒక గంట తిట్టాను. ఈ వ్యాసం రాయడం పూర్తయింది గనుక, ఇప్పుడు వెళ్ళి కొంచెం ఐమూలగా జరుగుతాను.