వాపు బిళ్లలో పట్టుపురుగు

మోకాలి కీలు మార్పిడి చేయించుకొని మాడుగులపల్లికి తిరిగివచ్చినవారి మందుల సంచిలో తరచుగా కనిపించే ఒక బిళ్లకు పట్టుపురుగుతో చుట్టరికం ఉన్నది. అట్ట వెనుక సన్నటి అక్షరాలలో ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసెటమాల్ 325 మి.గ్రా., సెర్రషియోపెప్టిడేజ్ 15 మి.గ్రా. అని వరుసగా ఉండే మూడు పేర్లలో చివరిది, పట్టుపురుగు పేగులోని సెర్రషియా అనే సూక్ష్మజీవి నుంచి జపాను శాస్త్రజ్ఞులు 1960ల చివర వేరుచేసిన ఎంజైము, అనగా మాంసకృత్తులను తునకలు చేసే పదార్థం.

పట్టుపురుగు రెక్కలొచ్చి చిలుకగా మారాక గూడును కరిగించుకొని బయటపడేది ఈ ఎంజైముతోనేనని ప్రచారంలో ఉన్న కథ ముచ్చటైనదే గాని నిజం కాదు. చిలుక నోటి భాగాల నుంచి ఊరే కొకూనేజ్ అనే వేరొక ఎంజైము ఆ పని చేస్తుంది. చిలుక తొలుచుకొని వస్తే దారం తెగుతుంది గనుకనే గూళ్లను ముందే వేడికి గురిచేస్తారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా పోచంపల్లి మగ్గాల మీది పట్టు వెనుక ఉన్నది ఆ తెగని దారమే. ఇక సెర్రషియోపెప్టిడేజ్‌కు పరీక్షలలో ఉత్తుత్తి బిళ్లను మించిన గుణం కనిపించకపోవడంతో టకేడా సంస్థ 2011లో జపానులో దానిని ఉపసంహరించుకోగా, ఇక్కడి అట్టల మీద మాత్రం అది చెక్కుచెదరలేదు.

పారాసెటమాల్‌ది పొరపాటు వంశం. 1886లో స్ట్రాస్‌బర్గ్ వైద్యులు కాన్, హెప్ నులిపురుగుల రోగికి నాఫ్తలీన్ అడిగితే మందుల దుకాణం ఎసిటనిలైడ్ పంపింది, జ్వరం తగ్గింది. ఎసిటనిలైడ్ ఒంట్లో పారాసెటమాల్‌గా మారుతుందని తేలడానికి 1948 వచ్చింది. పారాసెటమాల్ నొప్పిని తగ్గిస్తుంది గాని వాపు జోలికి అంతగా పోదు. కోసిన ఎముక చుట్టూ వాపు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆస్పిరిన్ అడ్డుకుంటుందని 1971లో శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ చూపాడు. ఎసిక్లోఫెనాక్‌ది ఆ బాటే, అందుకే మూత్రపిండాలకు, కడుపుకు దానితో జాగ్రత్త అవసరం.

ఈ బిళ్లలకు ముందు పల్లెల్లో వాపుకు వావిలాకు కాపడమే పెద్ద దిక్కు. పచ్చి కుట్ల మీద కాపడం పనికిరాదు, నిజమే. కాని బొటనవేలితో వాపును నొక్కి గుంట పడిందా లేదా అని రోజూ చూసే ముసలమ్మ చెయ్యి వావిలాకుతోపాటే వెళ్లిపోవడం నష్టమే. ఇప్పుడు తువ్వాలులో చుట్టిన ఐసుముక్కలు మోకాలి మీదికి, దిండు మడమ కిందికి చేరాయి. దిండును మోకాలి కిందనే పెట్టుకుంటే కాలు పూర్తిగా చాచలేకుండా బిగుసుకుపోతుంది.